సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ ఎస్‌యూవీ: మీటర్లో కిలోమీటర్లు చూసుకుంటే సరిపోతుందా?

క్లుప్తంగా: బెంగళూరు ట్రాఫిక్‌లో తిరిగిన బండికి కిలోమీటర్ల లెక్క పెద్దగా పనికిరాదు, ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందన్నదే అసలు వయసు. "ఈ మోడల్ మంచిది, ఆ మోడల్ చెడ్డది" అనే మాట కూడా సగమే నిజం, ఎందుకంటే ఒకే పేరు మీద మూడు నాలుగు రకాల ఇంజిన్లు, గేర్‌బాక్సులు వచ్చాయి. కాబట్టి చూడాల్సింది ఏ ఇంజిన్‌కి ఏ గేర్‌బాక్స్ ఉంది, ఏ నెలలో తయారైంది, పాత ఓనర్ రోజూ ఎక్కడ తిప్పాడు అన్నవి.

"2019 మోడల్, సింగిల్ ఓనర్, 40 వేలే తిరిగింది, ఫుల్ షోరూం సర్వీస్." బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు యాడ్ ఏది తీసినా ఈ నాలుగు ముక్కలు ఉంటాయి. మారతహళ్ళి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే తెలుగువాళ్ళకి కావాల్సిన బండి కూడా దాదాపు ఒకటే రకం, వారమంతా ఆఫీసుకి, నెలకోసారి అనంతపురమో కర్నూలో తిరుపతో వెళ్ళి రావడానికి, స్పీడ్ బ్రేకర్లకి కింద తగలకుండా కాస్త ఎత్తుగా ఉండాలి, బేస్‌మెంట్ పార్కింగ్‌లో పట్టేంత పొట్టిగానూ ఉండాలి. అందుకే నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీలకి ఇంత గిరాకీ.

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారాక ఈ లెక్కలు ఇంకాస్త చిక్కుపడ్డాయి. నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ బండ్ల మీద పన్ను సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది కాస్తా 18కి దిగింది, అంటే కొత్త బండి ఎక్స్ షోరూం ధర సుమారు ఎనిమిదిన్నర శాతం తగ్గాలి. కొత్తది తగ్గితే పాతదీ తగ్గాలి కదా, కానీ చాలామంది అమ్మేవాళ్ళు పాత రేట్ల మీదే కూర్చున్నారు. ఇందులో ఇంకో మెలిక ఏంటంటే మారుతి బ్రెజా లాంటిది పొడవు నాలుగు మీటర్ల లోపే ఉన్నా ఇంజిన్ 1462 సీసీ కాబట్టి 18లోకి రాదు, 40 శాతం స్లాబ్‌లో ఉంటుంది. కాబట్టి కొత్తదానికీ పాతదానికీ తేడా ఒక్కో బండికి ఒక్కోలా ఉంది, ఆ తేడా తక్కువగా ఉన్నచోట పాతది కొనడానికి బలమైన కారణం ఉండాలి, అది ఆ బండి ఇంకో ఏడెనిమిదేళ్ళు పెద్ద ఖర్చు పెట్టించకుండా నడుస్తుందన్న నమ్మకమే అయ్యుండాలి.

ఆ నమ్మకానికి ఆధారం ఎందుకు దొరకదు

బ్రిటన్‌లో మూడేళ్ళు దాటిన కారుకి ఏటా ఎంఓటీ పరీక్ష ఉంటుంది, ఆ రోజు మీటర్లో ఎంత ఉంది, ఏ భాగం ఫెయిలైంది అన్నది నంబర్ ప్లేట్ కొడితే ఎవరికైనా ఉచితంగా కనిపిస్తుంది. జర్మనీలో అలాంటి తనిఖీల లెక్కలన్నీ కలిపి ఏ మోడల్ ఎన్నేళ్ళకి ఎలా పాడవుతోందో టీయూవీ సంస్థ ఏటా అచ్చేస్తుంది. మన దగ్గర సొంత వాడకం కారుకి మొదటి ఫిట్‌నెస్ తనిఖీ పదిహేనేళ్ళకి, రిజిస్ట్రేషన్ రెన్యూవల్ అప్పుడు. మధ్యలో ఏడాదికోసారి పొల్యూషన్ సర్టిఫికెట్ తప్ప బండి ఆరోగ్యం ఎక్కడా నమోదు కాదు.

ఆ ఖాళీని నోటి మాట నింపేస్తోంది. "మా బావమరిది బండి లక్ష తిరిగింది, ఒక్క రూపాయి పెట్టలేదు" అని ఒకరు, "అదే మోడల్ 30 వేలకే క్లచ్ పోయింది" అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు, కాకపోతే వాళ్ళు చెప్పేది రెండు వేరే బండ్ల గురించి.

40 వేలు తిరిగిన బండి, 90 వేలు తిరిగిన బండి

టామ్‌టామ్ ట్రాఫిక్ ఇండెక్స్ 2024 ప్రకారం బెంగళూరు నడిబొడ్డులో 10 కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అంటే గంటకి పదిహేడున్నర కిలోమీటర్లు, సైకిల్ తొక్కేవాడు పక్కనుంచి దాటిపోయే స్పీడు. ఈ స్పీడుతోనే ఒక బండి 40 వేల కిలోమీటర్లు తిరిగిందనుకుంటే ఇంజిన్ నడిచింది దాదాపు 2,280 గంటలు. అదే ఇంకో బండి ఎక్కువగా ఎన్‌హెచ్ 44 మీద హైదరాబాద్‌కి వెళ్ళొచ్చేది, సగటు 65 వేసుకుందాం, 90 వేల కిలోమీటర్లకి దాని ఇంజిన్ నడిచింది 1,400 గంటల లోపే. మీటర్ ప్రకారం రెండోది ముసలిది, గంటల ప్రకారం మొదటిదే ముసలిది.

గంటలొక్కటే కాదు, ఆ గంటల్లో ఏం జరిగింది అన్నదీ ముఖ్యమే. ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర కిలోమీటరు దూరంలో క్లచ్ పాతిక ముప్పై సార్లు నొక్కాలి, హైవే మీద అదే కిలోమీటరుకి ఒక్కసారి కూడా అక్కర్లేదు. ఏసీ కంప్రెసర్, రేడియేటర్ ఫ్యాన్, బ్రేకులు, స్టార్టర్ మోటారు, ఇంజిన్ మౌంట్లు అన్నిటిదీ ఇదే కథ. ఆగి ఉన్న బండికి ఎదురుగాలి ఉండదు కాబట్టి బానెట్ కింద వేడి అలాగే నిలబడిపోతుంది, ఆ వేడికి రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ కనెక్టర్లు పెళుసెక్కుతాయి.

ఆయిల్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. చాలా కంపెనీలు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అంటాయి. పదివేలు అయ్యేవరకు ఆగిన సిటీ బండిలో అదే ఆయిల్ 570 గంటలు పనిచేసింది, హైవే బండిలో 155 గంటలే. బండితో ఇచ్చే మాన్యువల్ పుస్తకంలో వెనకెక్కడో "కఠినమైన వాడకం" అని ఒక పేజీ ఉంటుంది, ఆగుతూ సాగే ట్రాఫిక్, దుమ్ము, దగ్గరి ప్రయాణాలు అయితే ఇంకా ముందే మార్చమని రాసుంటుంది, బెంగళూరు బండ్లన్నీ ఆ పేజీ కిందకే వస్తాయి, ఆ పేజీ చదివినవాళ్ళు మాత్రం తక్కువ. కాబట్టి సర్వీస్ హిస్టరీలో కిలోమీటర్లు కాకుండా తేదీలు చూడాలి. లాక్‌డౌన్ తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో బండి తిరగలేదు కదా అని పద్దెనిమిది నెలలు సర్వీస్ చేయించని బండ్లు ఐటీ ఏరియాల్లో చాలానే ఉన్నాయి, అవే ఇప్పుడు "తక్కువ తిరిగిన బండి" పేరుతో మార్కెట్లోకి వస్తున్నాయి.

పేరు ఒకటే, లోపల బండ్లు వేరు

బ్రెజానే తీసుకుందాం. 2016 మార్చిలో వచ్చినప్పుడు అది 1.3 లీటర్ డీజిల్ మాత్రమే, మాన్యువల్. 2018లో అదే డీజిల్‌కి ఏఎంటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కలిపారు (ఏ ఆటోమేటిక్ ఏంటో కింద వస్తుంది). 2020లో బీఎస్6 పొగ నిబంధనలు రావడంతో డీజిల్ ఆపేసి 1.5 పెట్రోల్ పెట్టారు, ఆటోమేటిక్ కావాలంటే పాతకాలపు 4 స్పీడ్. 2022 జూన్ చివర్లో బాడీ మారింది, ఇంజిన్‌ని కొత్తగా మలిచారు, ఆటోమేటిక్ 6 స్పీడ్ అయింది. బయటికి ఒకటే పేరు, లోపల కనీసం నాలుగు యంత్రాలు, ఒకదాని మంచీచెడ్డా ఇంకోదానికి అంటగట్టడానికి లేదు.

ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఇంకా గట్టి ఉదాహరణ. 2013లో వచ్చిన దాంట్లో పెట్రోల్ ఆటోమేటిక్ అంటే పవర్‌షిఫ్ట్ డ్యూయల్ క్లచ్. ఈ డ్రై క్లచ్ పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్ మీద ఇతర దేశాల్లో పెద్ద గొడవలే జరిగాయి, ఆస్ట్రేలియాలో కస్టమర్ల ఫిర్యాదుల్ని సరిగా పట్టించుకోలేదని 2018లో ఫెడరల్ కోర్టు అక్కడి ఫోర్డ్‌కి కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. 2017 చివర్లో ఇండియాలో ఫేస్‌లిఫ్ట్ వచ్చినప్పుడు దాన్ని తీసేసి మామూలు టార్క్ కన్వర్టర్ పెట్టారు. 2016 ఆటోమేటిక్, 2018 ఆటోమేటిక్ పక్కపక్కన నిలబెడితే రెండేళ్ళ తేడాలాగే కనిపిస్తుంది కానీ గేర్‌బాక్స్ విషయంలో అవి వేరే జాతి బండ్లు.

ఒకే మోడల్‌లో ఒకే ఇంజిన్ అయినా తయారైన నెల కూడా లెక్కలోకి వస్తుంది. 2021 సెప్టెంబర్‌లో మారుతి 1,81,754 పెట్రోల్ బండ్లని వెనక్కి పిలిచింది, అందులో బ్రెజా కూడా ఉంది, కారణం మోటర్ జనరేటర్ యూనిట్ అనే ఎలక్ట్రికల్ భాగం, వర్తించేది 2018 మే 4 నుంచి 2020 అక్టోబర్ 27 మధ్య తయారైన వాటికి. ఇలాంటి రీకాల్ పని జరిగిందా లేదా అన్నది ఛాసిస్ నంబర్ ఇస్తే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఐదు నిమిషాల్లో చెప్తారు. జరగకపోతే ఆ భాగం ఉచితంగానే మారుస్తారు. రీకాల్ వచ్చిన మోడల్ అంటే చెడ్డ మోడల్ అని భయపడేవాళ్ళున్నారు, నిజానికి రీకాల్ పూర్తయిన బండికి తెలిసిన ఒక లోపం తీరిపోయినట్టే.

ఆటోమేటిక్ అంటే ఏ ఆటోమేటిక్

ఎక్కువ కాలం ఖర్చుని తేల్చేది గేర్‌బాక్స్ కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. యాడ్లలో అన్నిటినీ "ఆటోమేటిక్" అనే రాస్తారు, నాలుగు రకాలు ఉన్నాయి, నాలుగూ నాలుగు రకాలుగా అరుగుతాయి.

ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే కాలు బదులు ఒక యాక్చుయేటర్ ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేక్ వదిలేసి యాక్సిలరేటర్ మీదే బండిని నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంటుంది, అలా చేసినంతసేపూ క్లచ్ ప్లేటు జారుతూ కాలుతూనే ఉంటుంది. మంచి విషయం ఏంటంటే క్లచ్ పోయినా మార్చడానికి మాన్యువల్ కంటే మరీ ఎక్కువ కాదు, యాక్చుయేటర్ పోతేనే బిల్లు పెరుగుతుంది.

డ్రై డ్యూయల్ క్లచ్‌లో రెండు క్లచ్‌లు ఉంటాయి, చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. హ్యుందాయ్ వెన్యూ 1.0 టర్బో పెట్రోల్‌లో వచ్చే 7 స్పీడ్ డీసీటీ ఈ రకమే. హైవే మీద ఇంత హాయిగా గేర్లు మార్చేది ఇంకోటి లేదు, కానీ నడక వేగంతో పాకే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం జారుతూ ఉంటుంది, వేడి పెరుగుతుంది, మరీ ఎక్కువైతే డ్యాష్‌బోర్డ్ మీద హెచ్చరిక వస్తుంది. క్లచ్ కిట్ మొత్తం మార్చాల్సి వస్తే బిల్లు లక్ష రూపాయల దాకా పోవచ్చు. అందుకే ఇలాంటి బండి కొనేటప్పుడు పాత ఓనర్ ఇల్లెక్కడ, ఆఫీసెక్కడ అని అడగడం అనవసరమైన ఆరా కాదు, ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజుకి రెండు గంటలు పాకిన డీసీటీ వేరు, మైసూరు రోడ్డు మీద ఆదివారాలు తిరిగిన డీసీటీ వేరు.

టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిలే పని చేస్తుంది, బండి పాకుతున్నప్పుడు అరిగిపోవడానికి రాపిడి ప్లేటు లేదు, కాబట్టి బెంగళూరు లాంటి చోట ఎక్కువ కాలం సహించేది ఇదే. కియా సోనెట్ డీజిల్ ఆటోమేటిక్, 2017 తర్వాతి ఎకోస్పోర్ట్, 2020 నుంచి బ్రెజా ఆటోమేటిక్ ఈ కోవలోవి. దీనికున్న శత్రువు "ఈ గేర్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు" అన్న మాట. ఆయిల్ వేడికి చెడుతుంది, 60, 70 వేలు దాటిన బండిలో ఒక్కసారి కూడా మార్చినట్టు జాబ్ కార్డ్‌లో లేకపోతే ఆ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి.

సీవీటీ అంటే గేర్లు లేకుండా రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు, నిస్సాన్ మ్యాగ్నైట్, రెనో కైగర్ టర్బోల్లో ఉంటుంది. ట్రాఫిక్‌లో మెత్తగా పోతుంది, ఆయిల్ టైముకి మార్చకపోతే మాత్రం బెల్టు, పుల్లీ అరిగి తక్కువ స్పీడులో బండి వణుకుతుంది, రిపేరు కన్నా యూనిట్ మొత్తం మార్చడమే అంటారు.

మాన్యువల్ సంగతి అందరికీ తెలిసిందే, క్లచ్ ఎత్తుగా పడుతోందంటే ప్లేటు చివరికొచ్చినట్టు.

బీఎస్6 డీజిల్: డిప్ స్టిక్ మీద పెరిగే ఆయిల్

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6. దాంతో డీజిల్ బండ్ల సైలెన్సర్ లైనులో డీపీఎఫ్ అనే మసి వడపోత వచ్చి చేరింది. ఇది మసిని పట్టి ఉంచి, నిండాక దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. ఆ వేడి రావాలంటే బండి కొంతసేపు ఆగకుండా హైవే స్పీడులో పోవాలి. రోజూ ఐదు కిలోమీటర్లు పోయి ఆగే బండికి ఆ అవకాశం రాదు, కంప్యూటర్ కాల్చడం మొదలుపెడుతుంది, ఈలోపు ఆఫీసు వస్తుంది, ఇంజిన్ ఆపేస్తారు, పని సగంలో ఆగిపోతుంది. వేడి పెంచడానికి కొన్ని ఇంజిన్లలో అదనంగా చిమ్మిన డీజిల్ పూర్తిగా కాలక సిలిండర్ గోడల వెంబడి కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ కూడా అక్కర్లేదు. బండి చల్లగా, సమంగా ఉన్నప్పుడు ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ తీసి తుడిచి మళ్ళీ పెట్టి తియ్యండి. మామూలుగా వాడిన కొద్దీ ఆయిల్ తగ్గుతుంది. గరిష్ఠ గీత పైన ఉందంటే, పైగా వేళ్ళ మధ్య రాస్తే జిగురు లేకుండా పల్చగా, డీజిల్ వాసన వస్తోందంటే ఆ బండి డీపీఎఫ్ పని సగం సగంగా చాలాసార్లు ఆగిపోయిందని అర్థం. పల్చబడ్డ ఆయిల్ టర్బో బేరింగులకి, క్రాంక్ బేరింగులకి మంచిది కాదు. స్కానర్ పెడితే మసి ఎంత నిండింది, చివరిసారి ఎన్ని కిలోమీటర్ల కింద కాలింది అన్నవి చాలా బండ్లలో అంకెలతో సహా కనిపిస్తాయి.

మరి డీజిల్ వద్దా అంటే అదీ కాదు. నెలకి రెండుసార్లు హైదరాబాద్ పోయేవాళ్ళకి బీఎస్6 డీజిల్ ఇప్పటికీ సరైన బండే, డీపీఎఫ్ దారిలోనే శుభ్రమైపోతుంది. సిటీలోనే తిరిగేవాళ్ళు మైలేజీ చూసి డీజిల్ కొనడంలోనే తేడా కొడుతుంది. బీఎస్4 కాలం నాటి వెన్యూ 1.4 డీజిల్, బ్రెజా 1.3 డీజిల్ లాంటివాటికి ఈ బాధ తక్కువ, అయితే వాటి వయసు ఇప్పుడు ఆరేడేళ్ళు దాటింది.

పెట్రోల్ వైపు కూడా ఒక ప్రశ్న ఉంది, ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో ఇంధనం తగిలే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు 20 శాతం ఇథనాల్‌ని తట్టుకునేలా ఉండాలని నిబంధన వచ్చింది. అంతకు ముందు బండ్లు ఆ పెట్రోల్ పోస్తే వెంటనే ఆగిపోతాయన్నది అతి, అసలు తేడా ఉండదన్నదీ అతే. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడుతుంది, పాత బండిలో ఫ్యూయల్ గొట్టాలు, సీళ్ళు నెమ్మదిగా గట్టిపడి చెమ్మగిల్లే అవకాశం ఉంటుంది. 2023కి ముందు బండి అయితే కింద నుంచి ఆ లైన్లు ఒకసారి చూసి వాసన పసిగట్టడం చాలు.

నీళ్ళు తాగిన బండి, ఉప్పు గాలి తిన్న బండి

2022 సెప్టెంబర్ మొదటి వారంలో ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్ళందూరు, యెమలూరు మునిగినప్పుడు బేస్‌మెంట్లలో కార్లు పైకప్పు దాకా నీళ్ళలో ఉన్నాయి. చెన్నైలో 2015 డిసెంబర్, 2023 డిసెంబర్ మిచాంగ్ తుఫాను అప్పుడూ అంతే. ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ కింద తీసుకున్న బండ్లు వేలంలో అమ్ముడవుతాయి, వాటిలో కొన్ని బాగుపడి, తళతళలాడుతూ వేరే ఊళ్ళో తేలతాయి. ఇంజిన్ విప్పి కడిగినా వైరింగ్ కనెక్టర్లలో చేరిన తేమ ఏడాదికో రెండేళ్ళకో పచ్చటి తుప్పుగా బయటపడుతుంది, అప్పుడు మొదలయ్యే ఎలక్ట్రికల్ జబ్బుకి మందు ఉండదు, ఒకరోజు పవర్ విండో, ఇంకోరోజు ఏబీఎస్ లైటు.

సీట్ కవర్లు, మ్యాట్లు కొత్తవి వేస్తారు కానీ సీటు బెల్టుని ఎవరూ మార్చరు. చివరిదాకా బయటికి లాగి చూడండి, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆ చివరి అడుగు మీద మట్టి రంగు గీత ఉంటే ఆ కథ అక్కడే తేలిపోతుంది. ముందు సీటు కింద పట్టాల బోల్టులు, డిక్కీలో స్టెప్నీ గుంట కూడా అలాంటి చోట్లే.

చెన్నై బండికీ బెంగళూరు బండికీ వరదలు లేకపోయినా తేడా ఉంటుంది. తీరంలో ఉప్పు గాలి, మే నెల ఎండ కలిసి అడుగున తుప్పుని, రబ్బరు బుషుల్ని, బ్యాటరీని ముందే దెబ్బతీస్తాయి. బెంగళూరు 900 మీటర్లకి పైగా ఎత్తున ఉంది, వాతావరణం చల్లన, పెయింటూ రబ్బరూ బాగుంటాయి, క్లచ్‌ని సస్పెన్షన్‌ని మాత్రం ఈ ఊరు వదలదు. చెన్నైలో సముద్రం వెంబడి పోయే ఈసీఆర్ రోడ్డు పక్కన పదేళ్ళున్న బండిని రాంప్ ఎక్కించి కింద నుంచి చూడకుండా కొనకూడదు.

కాగితాల్లో దాక్కున్న సంగతులు

ఇన్సూరెన్స్ పాలసీలో ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) అని ఒక శాతం ఉంటుంది, చాలామంది అది ప్రీమియం తగ్గింపు అనుకుని వదిలేస్తారు. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20, తర్వాత 25, 35, 45, ఐదేళ్ళకి 50 శాతం. క్లెయిమ్ చేస్తే సున్నాకి వస్తుంది. ఆరేళ్ళ బండికి, ఒకే ఓనర్ దగ్గర, 20 శాతమే ఉందంటే దగ్గర్లోనే ఏదో క్లెయిమ్ జరిగింది. అది బంపర్ గీతా, పైకప్పుని మోసే పిల్లర్ దాకా పోయిన గుద్దా అన్నది అడగాల్సిన ప్రశ్న. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ తీసుకున్నవాళ్ళకి ఈ లెక్క పనిచెయ్యదు, అదీ గుర్తుంచుకోవాలి. ఇంకో సంగతి, ఎన్‌సీబీ ఓనర్‌ది, బండిది కాదు, కొన్నవాళ్ళకి రాదు.

మీటర్ తిప్పడం ఇప్పటికీ జరుగుతోంది, డిజిటల్ మీటర్ అయితే ల్యాప్‌టాప్‌తో ఇంకా తేలిక. దాన్ని పట్టించేవి ఆ మీటర్ చేరలేని చోట్లు: కంపెనీ సర్వీస్ రికార్డులో ప్రతి విజిట్ రీడింగ్, టైరు కొన్న బిల్లు, కొన్ని బండ్లలో వేరే కంట్రోల్ యూనిట్లో దాక్కున్న రీడింగ్. టైరు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం, ఉదాహరణకి 2319 అంటే 2019లో 23వ వారం. 2019 బండికి 30 వేలే తిరిగిందని చెప్తూ నాలుగు టైర్లూ 2022వి ఉంటే, మొదటి సెట్టు అంత తొందరగా ఎందుకు అరిగిందో చెప్పాలి మరి.

షెడ్డులో ఒక గంట

చూడ్డానికి వెళ్ళేముందు ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని గట్టిగా చెప్పాలి. వెళ్ళేసరికి బానెట్ వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని కాదు, కానీ ఇంకోరోజు పొద్దున్నే రావడం మంచిది. రాత్రంతా నిలబడ్డ ఇంజిన్ మొదటి పది సెకన్లలో చెప్పేది మళ్ళీ చెప్పదు: టైమింగ్ చైన్ గలగల, నీలిపొగ, ఐడిల్‌లో వణుకు, అన్నీ వేడెక్కాక సర్దుకుంటాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ టర్బోల్లో ఇంటేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది, ఎందుకంటే పెట్రోల్ నేరుగా సిలిండర్లోకి పోతుంది కాబట్టి వాల్వుల్ని కడిగేది ఏదీ ఉండదు, దాని వణుకు కూడా చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది.

ఆ తర్వాత గతుకుల వీధి. అద్దాలు దించి, పాటలు ఆపి, ఇరవై స్పీడులో పోతే లింక్ రాడ్ టకటక, లోయర్ ఆర్మ్ బుష్ దబ్బు, స్ట్రట్ మౌంట్ కిర్రు వేరువేరుగా వినిపిస్తాయి. ఇవి పోయినా భయపడక్కర్లేదు, అన్నీ మార్చుకునే భాగాలే, వేలల్లో పని. లక్షల్లోకి తీసుకెళ్ళేవి గేర్‌బాక్స్, టర్బో, డీపీఎఫ్, ఛాసిస్ వెల్డింగ్. బానెట్ ఎత్తి రెండు పక్కలా అప్రాన్ (చక్రం పైనుండే లోపలి రేకు) మీద కంపెనీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో ఉన్నాయా, ఒక పక్క ఉండి ఇంకో పక్క నున్నగా పూసేశారా అన్నది కంటితోనే తెలుస్తుంది. పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటే ఇంకా మంచిది, కంపెనీ పెయింట్ సాధారణంగా వందా నూట యాభై మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, ఒక డోర్ దగ్గర నాలుగైదు వందలు చూపిస్తే లోపల లప్పం ఉంది. డోర్‌కి లప్పం ఉంటే అది అందం సమస్య, పిల్లర్‌కి ఉంటే కొనకూడని బండి.

స్పేర్లు, రిజిస్ట్రేషన్, బేరం

బండి గట్టిదైతే సరిపోదు, భాగం దొరకాలి. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, సర్వీసూ స్పేర్లూ కొనసాగుతున్నా సర్వీస్ సెంటర్లు తగ్గాయి, కొన్ని బాడీ భాగాలకి ఎదురుచూడాల్సి వస్తుంది. ఎకోస్పోర్ట్ రేటు తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ల షాపుల్లో ఏ బండి బుషులు, క్లచ్ ప్లేట్లు అడిగిన వెంటనే తీసిస్తారో ఆ బండి పదేళ్ళు నడపడం తేలిక, ఎక్కువ అమ్ముడైన మోడల్‌కి ఉన్న అసలు బలం అదే.

బెంగళూరు బండిని రేపు హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ఆ లెక్క ఇప్పుడే వెయ్యాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం అక్కడ రిజిస్టర్ చేయించాలి, ఇక్కడ ఎన్‌ఓసీ, అక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, కర్ణాటకలో కట్టిన దాంట్లో మిగిలిన భాగం వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకో అర్జీ. ఏపీ, తెలంగాణ బండి చవగ్గా వస్తోందని ఇక్కడికి తెచ్చేవాళ్ళదీ ఇదే వరస, కర్ణాటక లైఫ్ ట్యాక్స్ దేశంలోనే ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి. బండి పేరున లోన్ ఉంటే ఆర్‌సీలో హైపోథెకేషన్ (అప్పిచ్చిన బ్యాంకు పేరు) తీసేశారా అన్నది వాహన్ పోర్టల్‌లోనే చూడొచ్చు.

ఇక బేరం దగ్గర, "కొంచెం తగ్గించండి" అంటే రెండు మూడు వేలు తగ్గుతాయి. దానికన్నా కాగితం మీద రాసి ముందు పెట్టడం పనిచేస్తుంది: టైర్లు 2019వి, నాలుగు మార్చాలి, గేర్ ఆయిల్ మార్చలేదు, లోయర్ ఆర్మ్ బుషులు రెండు పక్కలా పోయాయి, బ్యాటరీ నాలుగేళ్ళది. ఒక్కోదాని పక్కన కంపెనీ సర్వీస్ సెంటర్ కొటేషన్ రాసి మొత్తం కూడితే వచ్చే అంకె మీద పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీ వాళ్ళు కూడా వాదించలేరు. గేర్‌బాక్స్ అనుమానంగా ఉన్న బండికి మాత్రం ఈ కాగితం రాయక్కర్లేదు, దానికి ఎంత తగ్గించినా తక్కువే, పక్క బండి దగ్గరికి వెళ్ళిపోవడమే.